కెమెరా మన చేతికొచ్చింది సరే... చూపు సంగతేమిటి?

ఎవరింట్లోనైనా టూరుకెళ్లొచ్చిన ఫొటోలు చూపించమనండి. తాజ్‌మహల్ ముందు ఆవిడ. ఊటీ గార్డెన్‌లో పూలమొక్కల మధ్య ఆవిడ. కన్యాకుమారిలో సముద్రం వెనకాల, పిల్లలు చెరోపక్కా, మధ్యలో ఆవిడ. "కాస్త పక్కకి జరుగు", "కొంగు సర్దుకో", "ఏదీ, నవ్వు" అన్న గొంతు మాత్రం ఫొటోలో వినపడదు. ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో, ఆ ఊళ్లో ఏది చూడదగ్గదో తేల్చింది ఆ గొంతే. ఇంతకీ ఆవిడ ఆ ఊరు చూసిందా, ఆ ఊరి ముందు నిలబడి వచ్చేసిందా?

రీలు కెమెరాల రోజుల్లో దీనికో సాకు ఉండేది. రీలుకి 36 ఫొటోలే, డబ్బు దండగ, "నువ్వు తీస్తే తలకాయలు ఎగిరిపోతాయ్" అనేవారు. ఇప్పుడా సాకు లేదు. మన హ్యాండ్‌బ్యాగులో తాళాల గుత్తి పక్కనే కెమెరా ఉంటోంది. అది పట్టుకుని ఆడవాళ్లు జట్లు జట్లుగా దేశాలు తిరుగుతున్నారు. స్కూల్లో పాఠాలు చెప్పే టీచర్లు, బ్యాంకుల్లో రిటైరైనవాళ్లు, చీటీలు కలిసి కట్టే ఇరుగు పొరుగు... అందరికీ మొదట గుర్తొచ్చే విదేశం బ్యాంకాక్. హైదరాబాద్ నుంచి విమానం ఎక్కితే నాలుగు గంటలు కూడా పట్టదు. పైగా 2023 నవంబరులో మనవాళ్లు వీసా లేకుండానే రావచ్చని థాయ్‌లాండ్ తలుపు తీసింది. 2024 ఒక్క ఏడాదిలోనే 21 లక్షల మందికి పైగా భారతీయులు ఆ దేశం వెళ్లొచ్చారు.

బ్యాంకాక్ అన్న మాట వినగానే మన మగవాళ్లలో కొందరి మొహాల మీద ఓ వెకిలినవ్వు పాకుతుంది. ఆఫీసు తరఫున వెళ్లొచ్చినవాళ్లని చూసి కన్ను గీటుతారు. ఇంట్లో ఆడవాళ్లు విననట్టు ఊరుకుంటారు. ఆ ఊరి అసలు పేరు క్రుంగ్ థేప్ మహానఖోన్ అని ఈ నవ్వేవాళ్లలో ఎంతమందికి తెలుసు? థేప్ అంటే దేవ, నఖోన్ అంటే నగరం. దేవతల మహానగరం అన్నమాట. 1782లో చక్రి వంశపు మొదటి రాజు అక్కడ రాజధాని పెట్టాడు. ఆ ఊరి పూర్తి పేరు పలకాలంటే ఊపిరి చాలదు. అందులో అయోధ్య ఉంది, ఇంద్రుడున్నాడు, విశ్వకర్మ ఉన్నాడు. అంతటి ఊరిని ఒక వెకిలినవ్వుకి కుదించిన చూపు ఎవరిదో వేరే చెప్పాలా?

అందుకే అంటున్నా, మనం అక్కడికెళ్లి మన కళ్లతో చూసి, మన చేత్తో ఫొటోలు తీసుకురావలసిందే. అయితే దానితోపాటు ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కెమెరా చేతులు మారినంత మాత్రాన చూపు మారిపోదు. పుట్టిందగ్గర్నుంచీ ఎవరో ఒకరు తేరిపార చూస్తుంటే తలొంచుకు నడిచినవాళ్లం మనం. అడక్కుండా చూడ్డం అంటే ఏమిటో మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ తెలిసిన బాధని పరాయి ఊళ్లో పరాయి ఆడదానికి మనమే పెట్టకూడదు కదా!

ముందు బస్సు దిగండి

ప్యాకేజీ టూర్ల తీరు తెలిసిందే. అయిదున్నర టన్నుల బంగారు బుద్ధుడి దగ్గర ఓ అరగంట, నగల దుకాణంలో రెండు గంటలు, సఫారీ పార్కు, పట్టాయా బీచి, మళ్లీ ఏసీ బస్సు. అద్దంలోంచి తీసిన ఫొటోలో ఊరికంటే అద్దం మీద మెరుపే ఎక్కువ. అందరి ఫోన్లలోనూ అవే నాలుగు బొమ్మలు. ఒక్కరోజైనా గైడుకి నమస్కారం పెట్టి, ఇద్దరో ముగ్గురో కలిసి నడవండి. 1999 డిసెంబరులో మొదలైన స్కై ట్రెయిన్ ఉంది, 2004లో వచ్చిన మెట్రో ఉంది, చావ్ ఫ్రాయా నదిలో పడవలున్నాయి, సేన్ సేప్ కాలవలో జోరుగా పోయే పడవలున్నాయి. పొద్దున్నే ఆఫీసులకెళ్లే ఆడవాళ్లు ఆ పడవల్లోకి ఎంత చులాగ్గా దూకుతారో చూస్తే ముచ్చటేస్తుంది.

ఎండ మాట తేలిగ్గా తీసుకోకండి. బెజవాడ ఎండలు చూసిన మనకి 35 డిగ్రీలు ఓ లెక్కా అనిపిస్తుంది. కానీ అక్కడిది ఉక్క. గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుపోతుంది. చెన్నైకి దరిదాపు అక్షాంశంలో ఉన్న ఊరు కాబట్టి ఏప్రిల్ ఆఖర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. ఆ వెలుగులో మనిషిని ఫొటో తీస్తే కళ్ల కింద మసి పూసినట్టు నీడలు పడతాయి. అందుకని పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత తిరగండి. మధ్యాహ్నం గుళ్ల వసారాల్లోనో, కప్పున్న బజార్లలోనో గడపండి. ఇంకోటి. ఏసీ గదిలోంచి కెమెరా పట్టుకుని ఒక్కసారి బయటికొస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేసి అంతా మంచు పట్టినట్టు వస్తుంది. కంగారుపడి కొంగుతో తుడిచేయొద్దు. సంచీలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి. అదే తేటపడుతుంది.

పూలబజారులో మనలాంటివాళ్లు

ఒక్కచోటికే తీరిక ఉందంటే పాక్ ఖ్లాంగ్ తలాత్ పూలబజారుకి వెళ్లండి. నది ఒడ్డున, పగలూ రాత్రీ మూతపడని బజారు. అసలు హడావిడంతా రాత్రి నుంచి తెల్లవారే దాకానే. బంతిపూలు గుట్టలు, మల్లెమొగ్గలు బస్తాలు, ఆర్కిడ్ పూలు కట్టలు కట్టలు. పీటలమీద వరసగా కూర్చుని మాలలు కట్టే ఆడవాళ్లని చూస్తే మన ఊరి పూలకొట్ల ముందు నిలబడ్డట్టే ఉంటుంది. తేడా ఒక్కటే. మనం దారంతో ముడేస్తూ కడతాం, వాళ్లు జానెడు సూదికి మొగ్గలు గుచ్చి గుండ్రంగా దండ తీస్తారు. ఆ దండ తల్లోకి కాదు. బుద్ధుడికి, పడవ ముక్కుకి, టాక్సీ అద్దానికి.

ఇంత అందం కళ్లెదుట ఉంటే చెయ్యి ఊరుకుంటుందా? టపటపా నొక్కేస్తాం. ఇక్కడే ఒక్క క్షణం ఆగుదాం. ఆ పీటమీద కూర్చున్నామె రాత్రంతా నిద్రలేకుండా పని చేస్తోంది. చీర అయితే కొంగు సర్దుకునేది, చొక్కా కాబట్టి చెమట తుడుచుకోవటానికి కూడా తీరిక లేదు. మూడడుగుల దూరంలో మొహానికి కెమెరా పెట్టి, తీసుకుని, పలకరింపుగా ఒక్క నవ్వైనా నవ్వకుండా ముందుకెళ్లిపోతే ఆమెకెలా ఉంటుంది? మన వంటింట్లో, నూనె చేతుల్తో జుట్టు ముడేసుకుని పని చేసుకుంటుంటే, ముక్కూ మొహం తెలియని మనిషి కిటికీలోంచి ఫొటో తీస్తే మనకెలా ఉంటుంది? "రోడ్డు మీదే కదా ఉంది, రోడ్డు అందరిదీ" అంటారు కొందరు. బస్టాపులో నిలబడ్డ మన అమ్మాయి వంక ఫోను తిప్పినవాడు కూడా సరిగ్గా అదే మాటంటాడు. రోడ్డు అందరిదే. మొహం మాత్రం ఎవరిది వారిదే.

ఆ ఊళ్లో రోడ్డు పక్క వ్యాపారం చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. నూడిల్సు, మామిడిపండుతో తియ్యటి అన్నం, కాల్చిన అరటిపళ్లు... అన్నీ వాళ్ల చేతి మీదుగానే. మనకి ఫొటోలో ముచ్చటగా కనిపించే ఆ ఫుట్‌పాత్ వాళ్లకి తిండి పెట్టే చోటు. 2016లో నగర అధికారులు ఈ పూలబజారు బయట ఫుట్‌పాత్‌ల మీద అమ్ముకునేవాళ్లని ఖాళీ చేయించారు. నడిచేవాళ్లకి అడ్డం అన్నారు. మన ఊళ్లలో తోపుడుబళ్ల వాళ్లు వినే మాటే. అందుకని ఫొటో తీసి కింద "అబ్బ, ఏం గజిబిజి!" అని రాసే ముందు, ఆ గజిబిజి ఎవరి సంపాదనో ఒక్కసారి తలుచుకోండి.

2017 డిసెంబరులో జే ఫై అనే ఆవిడ రోడ్డు పక్క హోటలుకి మిషెలిన్ వాళ్ల నక్షత్రం వచ్చింది. పెద్ద పెద్ద హోటళ్లకిచ్చే గౌరవం అది. అప్పటికే డెబ్బై దాటిన మనిషి. బొగ్గుల పొయ్యి ముందు నిలబడి, కళ్లకి పెద్ద అద్దాలు తగిలించుకుని, తనే గరిటె తిప్పి పీతల ఆమ్లెట్టు వేసేది. ఆ అద్దాలావిడ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. కానీ ఆ అద్దాలు సరదాకి పెట్టుకున్నవి కావు, చిందే నూనెకి అడ్డం. పక్క సందుల్లో అద్దాల్లేకుండానే అవే పొయ్యిల ముందు నిలబడ్డవాళ్లు ఎందరో ఉన్నారు. మన కెమెరా అటు కూడా తిరిగితే బాగుంటుంది.

అడగటం నామోషీ కాదు

"భాష రాదు కదా, ఎలా అడుగుతాం?" అంటారా? చెబుతా వినండి. థాయ్ భాషలో ఫొటో అన్నదానికి 'రూప్' అంటారు. మన రూపమే! "థాయ్ రూప్ దాయ్ మై ఖా?" అంటే "ఫొటో తీసుకోవచ్చా అండీ?" అని. చివర 'ఖా' ఆడవాళ్లు మర్యాదకి అనేది, మన 'అండీ' లాంటిది. "దాయ్" అంటే సరే, "మై దాయ్" అంటే కుదరదు. తీసుకున్నాక "ఖోప్ ఖున్ ఖా" అనండి, అది ధన్యవాదం. అందులో ఖున్ అన్నది మన గుణమే. కూరగాయలమ్మేవాళ్లని మనం అక్కా, పిన్నీ అన్నట్టే అక్కడా వరసలున్నాయి. 'ఫీ' అంటే అక్క. 'పా' అంటే పెద్దమ్మ. వయసు తెలియకపోతే 'ఫీ' అనటమే క్షేమం. పెద్దమ్మా అంటే మనకి మాత్రం సరదాగా ఉంటుందా!

ఈ నాలుగు మాటలు కూడా నోరు తిరక్కపోతే కెమెరా చూపించి, కళ్లతో అడగండి. కొందరు నవ్వి తలూపుతారు. కొందరు చెయ్యి అడ్డం పెడతారు. అడ్డం పెట్టారా, దింపెయ్యండి. బతిమాలొద్దు, దొంగచాటుగా జూమ్ చెయ్యొద్దు. "వద్దు" అంటే వద్దనే అర్థమని మన మగపిల్లలకి నేర్పాలంటున్నాం కదా, ఆ పాఠం మనకీ వర్తిస్తుంది.

"అడిగితే బిగుసుకుపోతారు, సహజంగా రాదు" అన్నది ఇంకో వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. దానికి మందు దొంగతనం కాదు, ఓపిక. ఒక దండ కొనండి. పక్కన బల్ల ఉంటే కూర్చుని కాస్త చల్లగా ఏదైనా తాగండి. పావుగంటలో ఆమె తన పనిలో పడి మిమ్మల్ని మర్చిపోతుంది. అప్పుడు తీసిన ఫొటోలో బిగువుండదు. తీసింది ఆమెకి చూపించండి. బాగాలేదంటే ఆమె ముందే చెరిపెయ్యండి. మొహం వద్దంటే సూది పట్టుకున్న వేళ్లు తియ్యండి, మొగ్గల గంప తియ్యండి, అరిగిన పీట తియ్యండి. వీధి మొత్తం తీసేటప్పుడు అందులో పడ్డ ప్రతి మనిషినీ అడగటం ఎవరివల్లా కాదు, అక్కర్లేదు కూడా. ఒక్కరి మొహం మీదే గురి పెట్టినప్పుడు మాత్రం అడగటం ధర్మం. పసిపిల్లలైతే తల్లినో తండ్రినో అడగాలి. తీసుకున్నవి వాట్సాప్ గ్రూపుల్లోకి పంపేముందు మళ్లీ ఆలోచించాలి. ఎవరి బిడ్డ ఎన్ని ఫోన్లలో తిరుగుతోందో ఆ తల్లికి ఎప్పటికీ తెలియదు.

కెమెరా లోపల పెట్టాల్సిన చోట్లు

గుళ్ల సంగతి మనకి చెప్పక్కర్లేదు. రాజప్రాసాదంలోని పచ్చబుద్ధుడి మందిరం లోపల ఫొటోలు నిషిద్ధం. భుజాలు, మోకాళ్లు కప్పుకుంటేనే ఆవరణలోకి రానిస్తారు. బయటి వసారా గోడల మీద వాళ్ల రామాయణం 178 బొమ్మలుగా ఉంది. దాన్ని రామకియెన్ అంటారు. అందులో హనుమంతుడు తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి కూడా కాదు! వాట్ ఫోలో పడుకున్న బుద్ధుడి పొడవు 46 మీటర్లు. స్తంభాలు అడ్డం కాబట్టి ఒక్క ఫొటోలో పట్టడు. అరికాళ్ల మీద ముత్యపుచిప్పలతో పొదిగిన 108 శుభచిహ్నాలున్నాయి, వాటిని తీస్తే చాలు. విగ్రహాల మీద చెయ్యేసి, ఎక్కి, సెల్ఫీలు దిగటం వాళ్ల మనసుకి కష్టం కలిగిస్తుంది. మన వేంకటేశ్వరుడి దగ్గర ఎవరైనా అలా చేస్తే మనం ఊరుకుంటామా?

ఇక పాట్‌పాంగ్ లాంటి వీధులున్నాయి. ఆ వెకిలినవ్వుకి మూలం ఈ వీధులే. కుతూహలం కొద్దీ మన ఆడవాళ్ల జట్లూ అటు తొంగిచూసి, గుమ్మాల్లో నిలబడ్డ అమ్మాయిల్ని చాటుగా ఫొటో తీసుకోవటం ఉంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు. వియత్నాం యుద్ధకాలంలో సెలవుల మీద వచ్చిన అమెరికా సైనికులతో ఆ వ్యాపారం పెరిగింది. 1960లో చట్టం చేసి నిషేధించారు, 1996లో మరో చట్టం తెచ్చారు. వ్యాపారం ఆగలేదు సరికదా, చట్టం బెదిరింపంతా ఆ ఆడపిల్లల మెడమీదే. వాళ్లలో చాలామంది ఈశాన్య జిల్లాల పల్లెల నుంచి వచ్చి ఇంటికి డబ్బు పంపేవాళ్లు. ఒక్క ఫొటో ఆ పల్లెకి చేరితే ఏమవుతుందో మనకి ఊహకందనిదా? 1985లో చాంతవిపా అపిసుక్ అనే ఆవిడ 'ఎంపవర్' అనే సంస్థ పెట్టి, పాట్‌పాంగ్ బార్లలో పనిచేసే ఆడవాళ్లకి ఇంగ్లీషు నేర్పించటంతో మొదలుపెట్టింది. వచ్చినవాడితో తన షరతు తాను చెప్పుకునే మాట ఉండాలి కదా! ఆ వీధికి కావలసింది అలాంటి చూపు. మన ఫ్లాష్ కాదు.

బ్యాంకాక్ దాటి ఉత్తరాన కొండలవైపు తీసుకెళ్లే టూర్లలో 'పొడుగు మెడ ఆడవాళ్ల ఊరు' అని ఒకటి కలుపుతారు. వాళ్లు కయాన్ జాతివాళ్లు. బర్మాలో యుద్ధం తట్టుకోలేక సరిహద్దు దాటి వచ్చినవాళ్లు చాలామంది. మెడకి ఇత్తడి చుట్లు వేసుకుంటారు. నిజానికి మెడ సాగదు, బరువుకి కంటె ఎముకలు కిందికి జారతాయి. టిక్కెట్టు కొని లోపలికెళ్తే ఇళ్ల ముందు కూర్చుని ఉంటారు, పక్కన నిలబడి ఫొటో దిగి రావచ్చు. వీళ్లలో కొందరికి న్యూజిలాండ్, ఫిన్లాండ్ ఆశ్రయమిస్తామన్నా ప్రభుత్వం దేశం వదిలి వెళ్లనివ్వలేదు. 2008లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ప్రతినిధి, టూరిస్టులు ఆ ఊళ్లని బహిష్కరించే సంగతి ఆలోచించాలన్నారు. చూడటానికి బాగున్నారన్న కారణానికే మనిషిని కదలనివ్వకపోతే దాన్నేమంటారు? టిక్కెట్టు పెట్టి మనుషుల్ని చూపించే చోట మన ఫొటో కూడా ఆ టిక్కెట్టులో భాగమే.

వాళ్లూ మాట్లాడుతున్నారు

థాయ్ ఆడవాళ్లు పాపం నోరు లేనివాళ్లనుకునేరు! ఏప్రిల్ 13 నుంచి 15 దాకా వాళ్లకి సాంగ్‌క్రాన్ పండగ. మన సంక్రాంతి మాటే అది. వీధుల్లో నీళ్లు చల్లుకుంటారు. కెమెరాకి ప్లాస్టిక్ సంచి తొడక్కుండా బయటికెళ్లలేం. ఆ గుంపుల్లో చేతులు వేసే వెధవలూ ఉంటారు. 2018లో అధికారులు "ఆడవాళ్లు ఒళ్లు కప్పుకునే బట్టలు కట్టుకోండి" అని హితవు చెప్పారు. దానికి సిండీ సిరిన్యా బిషప్ అనే మోడల్ "నేనేం కట్టుకోవాలో నాకు చెప్పకండి" అని బహిరంగంగా ఎదురు తిరిగింది. అత్యాచారాలకి గురైనవాళ్లు ఆ రోజున వేసుకున్న బట్టల్ని ప్రదర్శనగా పెట్టించింది. చూసినవాళ్లకి అర్థమైపోయింది, అవన్నీ మామూలు బట్టలే! కెమెరా ముందు నిలబడటమే వృత్తి అయిన మనిషి, చూసేవాళ్ల తప్పుని చూపించింది.

అంతకంటే ముందు కూడా ఉన్నారు. 1868 నుంచి 1910 దాకా ఏలిన చులాలోంగ్‌కోర్న్ రాజు అంతఃపురం లోపలికి పరాయి మగవాళ్లకి ప్రవేశం లేదు. ఆ అంతఃపుర స్త్రీలలో ఎర్బ్ బున్నాగ్ అనే ఆవిడ ఫొటోలు తీయటంలో పేరు తెచ్చుకుంది. లోపలి మనిషి, లోపలివాళ్లకి తెలిసిన మనిషి తీసే ఫొటోలో ఉండే చనువు, తలుపు సందులోంచి తీసినదానికి రాదు.

మనం అక్కడ లోపలివాళ్లం కాము, నాలుగు రోజుల చుట్టాలం. చుట్టం మర్యాద చుట్టానికుంటుంది. పక్కింటికెళ్తే అడక్కుండా వంటింట్లోకి చొరబడం కదా! ఈసారి బ్యాంకాక్ వెళ్తే కెమెరా మీరే పట్టుకోండి. ఎక్కడ ఆగాలో, ఏది చూడాలో మీరే తేల్చుకోండి. "నీకు రాదు" అంటే "వచ్చేదాకా తీస్తా" అనండి. తెచ్చిన ఫొటోలు వెయ్యి కాకపోయినా ఫరవాలేదు. ఇరవయ్యే తెచ్చినా, ఒక్కోదాన్నీ చూపిస్తూ "ఈమెని అడిగి తీశాను, ఈమె నవ్వి సరేనంది, ఈమె వద్దంటే ఆమె పూలు మాత్రం తీశాను" అని చెప్పగలిగితే చాలు. అప్పుడే కెమెరాతోపాటు చూపు కూడా మన చేతికొచ్చినట్టు.